టీచరుగారి టైలరు

మొన్న కంటి ఆపరేషనుకి రాజమండ్రి వెళ్ళాను. ఆసుపత్రి తెరవడానికి ఇంకా టైముందని మా చెల్లెలు నన్ను గోదావరి గట్టు మీదికి తీసుకెళ్ళింది. పొద్దున్నే గట్టు మీద పరిగెత్తేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆడపిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని, రంగు రంగుల బూట్లేసుకుని పోతున్నారు. వాళ్ళని ఎవరూ ఆగి చూడటం లేదు. అది చూసి నాకు హాయిగా అనిపించింది.

ఒక సిమెంటు బెంచీ పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. చేతిలో నీళ్ళ సీసా. మూత ముందే తీసేసి ఎడమ గుప్పిట్లో పట్టుకుని, సీసాని కొంచెం ముందుకి చాపి, ఒకే వైపు చూస్తున్నాడు. కాసేపటికి అటునుంచి ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చి, సీసా అందుకుని రెండు గుక్కలు తాగి, తిరిగిచ్చేసి వెళ్ళిపోయింది. 

మా చెల్లెలు, ఏంటక్కా అలా నిలబడిపోయావు అంది. ఏం లేదన్నాను. మూత ముందే తీసి ఉంచడమన్నది అందరికీ తోచే పని కాదు. మనిషి వచ్చాక తీయొచ్చులే అనుకుంటారు. దూరాన మనిషి కనపడగానే మూత తీసే మనిషితో నేను ఇరవయ్యేళ్ళ పైన కాపురం చేశాను.

ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు. ఉన్నప్పుడు అలవాటు లేదు, పోయాక పలకబుద్ధి కాలేదు. ఇక్కడ కూడా ఆయన ఆయనే.

తణుకులో ఆయనది జెంట్స్ టైలరు షాపు. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. బస్సు కదిలిపోతున్నా పరిగెత్తేవారు కాదు. దాని వెనకాల ఇంకోటి ఉంటుందిలే అనేవారు. మెళ్ళో టేపు ఎప్పుడూ ఉండేది. ఒక ఆదివారం చర్చికి కూడా టేపుతోనే వచ్చేసి, ప్రసంగం సగంలో చూసుకుని, మెల్లిగా లాగి జేబులో దాచుకున్నారు. పక్కవాళ్ళు చాలాకాలం దాని గురించే నవ్వుతుండేవారు.

ఎవరితో మాట్లాడుతున్నా ఎదటి మనిషి చొక్కా చేతిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసేవారు. ఆయనకి తెలియకుండానే చేసేవారు. బస్సులో ముందు సీటాయన తువ్వాలు కూడా అలాగే నలిపితే, అతను వెనక్కి తిరిగి ఏంటండి అన్నాడు. మంచి నూలండి, ఎక్కడ కొన్నారు అని అడిగారు. దిగేసరికి ఇద్దరూ స్నేహితులైపోయారు.

పని చేస్తున్నప్పుడు నోట్లో గుండుసూదులుండేవి కనుక మాట తక్కువ. ఊఁ అనేవారు. ఆ ఊఁలు రకరకాలు. సరేననడానికి ఒకటి, కుదరదనడానికి ఒకటి, నీ ఇష్టం నువ్వు చెప్పు అనడానికి పొడుగ్గా ఒకటి. పెళ్ళైన కొత్తలో నాకవన్నీ ఒకేలా వినపడేవి. తరవాత తేడా తెలిసింది.

నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. పెళ్ళయ్యేనాటికి నాకు ఉద్యోగం లేదు. తరవాత గవర్నమెంటు పోస్టు వచ్చింది. టైలరు ఇంట్లో భార్యకి జీతం ఎక్కువ, ఇక చూడండి ఏమవుతుందో అనుకున్నారు చుట్టుపక్కల. ఆయన ఏం చేశారంటే, షాపులో అందరి ముందూ నన్ను టీచరుగారూ అని పిలవడం మొదలుపెట్టారు. టీచరుగారూ, అన్నం తిన్నావా, అనేవారు. గారూ, నువ్వూ ఒక్క మాటలోనే. వినేవాళ్ళు నవ్వేవారు. అలా అదొక ముద్దుపేరైపోయింది.

మాకు పిల్లల్లేరు. ఆ సంగతి ఎక్కువ చెప్పను. పెళ్ళైన దగ్గర్నుంచీ చాలాకాలం డాక్టర్ల చుట్టూ తిరిగాం. ఆఖరున రాజమండ్రిలో ఒక పెద్ద డాక్టరుగారు ఇద్దరి రిపోర్టులూ ముందు పెట్టుకుని, నాకు ఇద్దరిలోనూ ఏ దోషమూ కనపడటం లేదమ్మా, ఇక మందులతో ఒంటిని హింసపెట్టుకోకండి అన్నారు. దోషం ఉందంటే ఏడవచ్చు. లేదంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

తిరుగు బస్సెక్కాం. ఊరింకా కాస్త దూరం ఉండగానే బస్సు ఎక్కడో ఆగితే నేను లేచి దిగేశాను. ఆయన పైనున్న సంచులు అందుకునేలోపు బస్సు కదిలిపోయింది. నేను కాలవ గట్టెక్కాను. నడుస్తూ నడుస్తూ ఎప్పుడు పరుగందుకున్నానో నాకే తెలియదు. కాలేజీలో ఉండగా పరిగెత్తేదాన్ని, పతకాలు కూడా వచ్చాయి. పెళ్ళయ్యాక పిల్లల చేత పరిగెత్తించడమే కాని నేను పరిగెత్తింది లేదు. ఆ రోజు చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, ఎండలో పరిగెత్తాను. గడ్డి కోస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడి, నన్నెవరైనా తరుముతున్నారేమోనని నా వెనక్కి చూశారు. అలా కాలవ లాకుల దాకా వెళ్ళాను. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

ఆయన తరవాతి స్టాపులో దిగి, వెనక్కి నడిచి, గట్టు మీద కనపడ్డవాళ్ళందరినీ అడుక్కుంటూ వచ్చారు. చాలాసేపటికి వచ్చారు. అడిగిన ప్రతివాళ్ళూ చెయ్యెత్తి ఒకే దారి చూపించారట. పక్కన కూర్చుని, సంచిలోంచి అరటిపండు తీసి తొక్క వొలిచి ఇచ్చారు. నేను తినేదాకా ఆగి, "ఇంకా పరిగెత్తాలనుందా?" అని అడిగారు.

ఉందన్నాను.

"చీరతో కుదరదు," అన్నారు.

 మర్నాడు షాపు మూసే వేళకి నన్ను రమ్మని, తలుపు దగ్గరికేసి, కొలతలు తీసుకున్నారు. ఆయన ఆడవాళ్ళ బట్టలు కుట్టరు. అది వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఆ షాపు పద్ధతి. ఆ షాపులో ఆడమనిషికి కొలతలు తీసింది అదే మొదలు. నన్ను చూడటానికి సిగ్గుపడి గోడమీది కేలండరు వైపు చూస్తూ టేపు పట్టుకున్నారు. కాపురం చేస్తున్న పెళ్ళాన్ని కొలవడానికి ఆ సిగ్గేంటో నాకిప్పటికీ నవ్వొస్తుంది.

మా ఊళ్ళో అప్పట్లో ఆడవాళ్ళు పరిగెత్తడానికి వేసుకునే బట్టలు అమ్మే కొట్టు లేదు. ఆయన ముందు వదులు పైజామా, పొడుగు చొక్కా కుట్టారు. మొదటివారం తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోయాను. విప్పేసి మళ్ళీ కుట్టారు. తరవాత చంకల్లో కుట్లు గీసుకున్నాయి. ఆయన చాలాసేపు ఆ చొక్కాని లోపలా బయటా తిరగేసి చూసి, కుట్లన్నీ బయటికొచ్చేలా మళ్ళీ కుట్టారు. ఒంటికి తగిలే వైపు నున్నగా, చూసేవాళ్ళకి అతుకులు కనపడేలా. అది వేసుకుని గట్టు మీద పోతుంటే పాలవాళ్ళూ, రేవులో బట్టలుతికేవాళ్ళూ, టీచరుగారూ, చొక్కా తిరగేసి వేసుకున్నారు అని కేకేసి చెప్పేవారు. మొదట్లో ఆగి వివరం చెప్పేదాన్ని. తరవాత చెయ్యూపి వెళ్ళిపోయేదాన్ని.

ఆదివారం పొద్దున్నే నా పెద్ద పరుగు. లాకులు దాటి, ఊళ్ళు దాటి, ఎండ ముదిరేలోపు ఎంత వెళ్ళగలిగితే అంత వెళ్ళి రావడం. చర్చి వేళకి తిరిగి రావాలి కనుక చీకటుండగానే బయల్దేరేవాళ్ళం. ఆయన మోపెడ్ మీద సంచి పెట్టుకుని నాకంటే ముందుపోయి, ఏ వంతెన దగ్గరో, ఏ టీ బడ్డీ దగ్గరో నిలబడేవారు. నేను నీళ్ళు తాగి కదలగానే సంచి కట్టుకుని, అడ్డదారిన ఇంకో చోటికి పోయేవారు. నా వెనకాలే రావచ్చు కదండీ, దారిలో కుక్కలున్నాయి అన్నాను ఒకసారి. ఆయన, "వెనకాల బండేసుకుని వస్తే కాపలా కాసినట్టుంటుంది. ముందుంటే ఎదురుచూసినట్టుంటుంది," అన్నారు. కుక్కల కోసం ఒక వెదురుకర్ర ఇచ్చారు.

సంచిలో ఉప్పేసిన గంజి ఫ్లాస్కు, నిమ్మకాయ నీళ్ళు, అరటిపళ్ళు, బెల్లం పాకం పట్టిన నువ్వుండలు ఉండేవి. నేను చేరేసరికి నువ్వుండలు సగమే మిగిలేవి. పాడయ్యాయేమోనని చూశాను, అనేవారు. నేను పరిగెత్తి పరిగెత్తి సన్నబడ్డాను. ఆయన ఎదురుచూసి ఎదురుచూసి లావయ్యారు.

నేను గంజి తాగుతున్నంతసేపూ ఆయన రెండు వేళ్ళు నా చొక్కా వీపు మీద ఉండేవి. గుడ్డ నలిపి చూసేవారు. చెమట ఆరి ఉప్పు పేరుకుంటే గుడ్డ గరుగ్గా అయ్యేది. గరుగ్గా ఉంటే తరవాతి చోట గంజిలో ఇంకో చిటికెడు ఉప్పు పడేది. ఎలా ఉందని నన్నెప్పుడూ అడిగేవారు కాదు. అడిగితే బాగానే ఉందంటావు, చొక్కా అయితే అబద్ధం చెప్పదు అనేవారు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఊరికి అలవాటైపోయింది. అలవాటవ్వనివాళ్ళు మా చర్చిలోనే ఉన్నారు.

సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. చెడ్డవారు కాదు. అందరి మంచీచెడ్డా తనమీదే ఉందనుకునే మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర పదిమందిలో మా ఆయన్ని ఆపి, అనునయంగానే చెప్పారు. ఆడమనిషి ఒళ్ళు పరుగులకి చేసింది కాదు, అలా ఎగిరెగిరి దూకితే కడుపు నిలుస్తుందా, మీరైనా చెప్పుకోవద్దా, దేవుడిచ్చేది మనమే పారబోసుకుంటే ఎలా, అని. నేను కాస్త పక్కగా ఆడవాళ్ళలో ఉన్నాను. అందరూ నావైపు చూశారు. పరుగు మొదలుపెట్టింది ఆశ పోయాకేనని అరిచి చెప్పాలనిపించింది. 

మా ఆయన ఆ పెద్దాయన కండువా అంచు పట్టుకుని నలుపుతూ, అందరికీ వినపడేలాగే, "లోపం నాదండి. డాక్టరుగారు చెప్పారు. ఆవిడ్ని ఏమీ అనకండి," అన్నారు.

 పెద్దాయన ఆయన భుజం తట్టి వెళ్ళిపోయారు.

ఇంటికి నడుస్తున్నప్పుడు, చర్చి దగ్గర అబద్ధమాడారేంటండీ అన్నాను. గేటు దాటాకే ఆడాను అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. మగవాడికి ఆ మాట ఎలాంటిదో నాకు తెలుసు. దాన్ని నెత్తిమీద పెట్టుకుని రోజూ షాపు తీసి కూర్చోవాలి. చొక్కా కుట్టించుకోడానికి వచ్చే ప్రతివాడూ ఆ కళ్ళతోనే చూస్తాడు. ఎందుకన్నారండీ అలా, అని మళ్ళీ అడిగాను.

"నువ్వు పరిగెత్తేటప్పుడు ఫ్లాస్కూ, అరటిపళ్ళూ నేను మోస్తాగా. ఇదీ ఆ సంచిలోదే అనుకో," అన్నారు.

నిజంగానే మోశారు. చాలా నెలలపాటు షాపుకొచ్చి లేహ్యాలు చెప్పినవాళ్ళున్నారు, చూర్ణాలు పొట్లాలు కట్టి తెచ్చినవాళ్ళున్నారు. ఆయన సూదులు నోట్లో పెట్టుకుని ఊఁ అనేవారు. పొట్లాలు ఇంటికి తెచ్చి కొబ్బరిమొక్క మొదట్లో పోసేవారు. ఆ మాట ఆయన పోయేదాకా ఆయన మీదే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు, నాకు గుర్తుచెయ్యలేదు.

కొండల్లో పరుగు సంగతి ఆ తరవాతది. మా ఇంటికి ఫోను కొత్తగా వచ్చిన రోజులు. స్కూలు ఆటల పోటీల్లో పరిచయమైన రాజమండ్రి లెక్చరరుగారొకాయన ఫోను చేసి, రంపచోడవరం అవతల కొండల్లో కొందరం కలిసి పెద్ద పరుగు పెడుతున్నాం, పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం లోపు పూర్తి చెయ్యాలి, వస్తారా అని అడిగారు. దూరం చెప్పారు. మేము ఆదివారాలు పరిగెత్తేదానికి రెట్టింపు పైనే. అదీ బల్లపరుపు గట్టు మీద కాదు, అడవిలో, ఎక్కుడూ దిగుడూ. మా వల్ల కాదని పెట్టేశాను. డెల్టాలో పుట్టినదాన్ని. మాకు ఎత్తు అంటే వంతెన.

ఆయన ఆ సాయంత్రమే కొండల్లో ముళ్ళుంటాయా అని అడిగారు. ఉంటాయేమో అన్నాను. అయితే గుడ్డ మార్చాలి అన్నారు. వెళ్ళాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో జరగలేదు. గుడ్డ గురించే జరిగింది.

ఆ రోజు బయల్దేరినవాళ్ళలో ఆడవాళ్ళం ఇద్దరమే. దారిలో మూడు చోట్లకి మాత్రం జీపు వెళ్తుంది. అక్కడ మనవాళ్ళు తిండీ నీళ్ళూ ఇవ్వచ్చు. ఆయనకి కొండ మలుపుల ఘాట్ రోడ్డు పడదు. మొదటి మలుపుకే కడుపులో తిప్పుతుంది. జీపు ఆపించి, దిగి, వాంతి చేసుకుని, నోరు కడుక్కుని, మళ్ళీ ఎక్కేవారట. నేను మొదటి చోటికి చేరేసరికి ఆయన ముఖం పాలిపోయి ఉంది. ఫ్లాస్కు మాత్రం మూత తీసి ఉంది. మీరు తిరిగి వెళ్ళిపోండి, నేను చూసుకుంటానన్నాను. ఆయన నా చొక్కా నలిపి చూసి, "ఉప్పు చాల్లేదు," అన్నారు.

రెండో చోటు కొండమీద ఒక పల్లె. పక్కన వాగు. అక్కడికి నేను కుంటుకుంటూ వచ్చాను. రాళ్ళ దిగుడులో కాలు జారి కుడి బూటు పక్కన బెత్తెడు చిరిగి, అడుగు నాలుకలా వేలాడుతోంది. వేళ్ళు బొబ్బలెక్కాయి. తిన్నది దారిలోనే కక్కేశాను. ముందున్న ఎక్కుడు కనపడుతోంది. ఇంతవరకూ ఎక్కినవన్నీ దాని ముందు మెట్లు. నేను అక్కడ పరిచిన చాప మీద పడి, ఇక చాలండి, ఇంటికి పోదాం అన్నాను.

నన్ను బతిమాలతారనుకున్నాను, లేకపోతే జాలిపడి లేవదీసి జీపెక్కిస్తారనుకున్నాను. ఆయన రెండూ చెయ్యలేదు.

"సరే. బూటు ఇలా ఇవ్వు, కుట్టేస్తాను. మానేసినా జీపుదాకా నడవాలిగా," అన్నారు.

సంచిలోంచి దబ్బనం, మైనం పట్టిన దారం తీసి, చెట్టు మొదట్లో కూర్చుని మొదలుపెట్టారు. నేను కాళ్ళు వాగులో పెట్టుకుని గంజి కొంచెం కొంచెంగా తాగాను. కడుపులో నిలబడింది. ఇంకొంచెం తాగాను. కాసేపు కళ్ళు మూసుకున్నాను. నిర్వాహకుల కుర్రాడొకడు వచ్చి, మేడమ్ ఆగిపోతున్నారా, పేరు కొట్టెయ్యమంటారా అని అడిగాడు. ఆయన తలెత్తకుండా, బూటు ఇంకా అవలేదండి, అయ్యాక చెప్తారు అన్నారు.

పండగల ముందు పాంట్ల అంచులు మాటల మధ్యలో కుట్టి అవతల పడేసే చేతులవి. ఆ బూటు మాత్రం అవడం లేదు. ఒక కుట్టు వేస్తున్నారు, వెలుతురుకి పట్టుకుని చూస్తున్నారు, ఊడదీస్తున్నారు, మళ్ళీ వేస్తున్నారు. నేను పడుకుని చూస్తూనే ఉన్నాను. ఒకే కుట్టు మూడోసారి ఊడదీసినప్పుడు నాకు అర్థమైంది. ఆయన బూటు కుట్టడం లేదు. నాకు ఊపిరి తీసుకునే టైము ఇస్తున్నారు. నేను లేచి కూర్చుని, ఇంకెంతసేపండి అన్నాను. వెంటనే ముడివేసి దారం కొరికేశారు.

బూటు నా ముందు పెట్టి అటు తిరిగి ఫ్లాస్కు కడుక్కోడానికి వాగు దగ్గరికి పోయారు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నేను కాళ్ళు తుడుచుకుని బూటు తొడుక్కుని లేస్తుంటే వాగు దగ్గర్నుంచే, "నేనేం చెప్పలేదు సుమా," అన్నారు.

అందరికన్నా ఆఖరున పూర్తిచేశాను. ఎండ కొండ కొమ్మున మాత్రమే ఉంది. నేను వెళ్ళేసరికి బానరు ఒకవైపు విప్పేస్తున్నారు. మా ఆయన దాని ఇంకో అంచు పట్టుకుని, ఇది ఒక్క వానకి సాగిపోతుందండి, వచ్చే ఏటికి నేను మంచి గుడ్డ చూపిస్తాను అని లెక్చరరుగారితో చెబుతున్నారు. నన్ను చూసి బానరు వదిలేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన చప్పట్లు కొట్టలేదు, చేతిలో గంజి ఉంది. నేను తాగుతుంటే ఎప్పటిలాగే రెండు వేళ్ళతో వీపు మీద గుడ్డ పట్టుకున్నారు. కానీ నలపలేదు. అరచెయ్యి అంతా వీపు మీద ఆనించి అలాగే ఉంచారు. వేలు పట్టుకుని నడవడానికి కూడా మొహమాటపడే మనిషి, అంతమంది ముందు.

ఆ తరవాత కూడా కొన్ని పరుగులు పరిగెత్తాను. ఆయన కొన్నేళ్ళకి పోయారు. మధ్యాహ్నం వేళ, మిషను ముందు కూర్చుని, చొక్కా కాలరు కుడుతూ పక్కకి ఒరిగిపోయారు. పక్క షాపాయన స్కూలుకి వచ్చి చెప్పాడు. స్కూలుకీ షాపుకీ మధ్య దూరం నేను పరిగెత్తానో నడిచానో నాకు గుర్తులేదు. పెట్టె మోసినవాళ్ళలో చాలామంది ఒంటిమీద చొక్కాలు ఆయన కుట్టినవే. కాలరు చూస్తే నాకు తెలుస్తుంది. చర్చి పెద్దాయన, అప్పటికి బాగా ముసలాయన, కర్ర పట్టుకుని సమాధి దాకా నడిచి వచ్చారు. నిబ్బరంగల మనిషమ్మా, అన్నారు నాతో. ఔనండి అన్నాను. అసలు సంగతి పెద్దాయనకప్పుడు చెప్పాలనుకున్నాను. మోసినాయన దించకుండానే వెళ్ళిపోయాక నేనెవర్ని దించడానికి అనిపించి ఊరుకున్నాను. ఇప్పుడు పెద్దాయన కూడా లేరు. అందుకే రాస్తున్నాను.

కానీ మా ఆయన్ని తలుచుకుంటే నాకు ఆయన పోయిన ఆ మధ్యాహ్నం గుర్తురాదు. గుర్తొచ్చేది ఇంకో రోజు.

కొండల పరుగు అయిన మరుసటి చలికాలం ఒక రోజు భోజనం చేస్తూ, ఆ దారి నాకూ చూపించు అన్నారు. ఏ దారండీ అన్నాను. బూటు కుట్టిన చోటు నుంచి పైకి నువ్వెళ్ళిన దారి, అన్నారు. మీరు ఎక్కలేరన్నాను. పరుగు కాదుగా, నడుస్తాను అన్నారు. స్కూలుకి సెలవులు రాగానే వెళ్ళాం. ఘాట్ రోడ్డులో రెండుచోట్ల బండి ఆపించారు. పల్లె దగ్గర దిగి, వాగు దాటి, ఎక్కడం మొదలుపెట్టాం.

ఆయన నాలుగడుగులు వేయడం, ఒక చెట్టుని పట్టుకుని ఆగడం. వెదురు ఆకులు తుంచి వేళ్ళ మధ్య నలిపి చూడటం. నేను దారి పొడుగునా చెబుతూ నడిచాను. ఇక్కడ పడ్డాను, ఇక్కడ జెండా కట్టిన కొమ్మ కనపడక దారి తప్పాను, ఇక్కడ ఒకావిడ కుండలోంచి నీళ్ళిచ్చింది, అని. మొదట్లో ఊఁ కొట్టారు. ఎక్కుతున్నకొద్దీ ఊఁలు కూడా ఆగిపోయాయి. ఆయాసమనుకున్నాను. వెదుర్లు అయిపోయి దారి తెరుచుకున్న చోట ఒక బండరాయి ఉంది. దాని మీద కూర్చున్నారు. అక్కడి నుంచి దారి గడ్డి మధ్యలోంచి సన్నగా పైకి పోయి, కొండ వంపు దగ్గర తిరుగుతుంది. కింద మేము వచ్చిన పల్లె అరచెయ్యంత ఉంది.

ముఖం తుడుచుకుని, "ఇదంతా నువ్వు పరిగెత్తావా?" అన్నారు.

కొన్నిచోట్ల నడిచానండి అన్నాను.

ఆయన పైకి పోయే దారినే చూస్తూ అన్నారు. "ఇన్నేళ్ళూ నేను నువ్వు రావడమే చూశాను, టీచరుగారూ. నీళ్ళు తాగి నువ్వు అటు తిరగ్గానే నేను సంచి సర్దుకుంటూ ఉండేవాణ్ణి. మూట కట్టి తలెత్తేసరికి నువ్వుండేదానివి కాదు. నువ్వు వెళ్ళడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

 నా పరుగంతా ఆయనదేనని నేననుకుంటూ ఉన్నాను. అందులో ఎక్కువ భాగం ఆయన కంటపడనే లేదని అప్పటిదాకా తట్టలేదు.

"ఒకసారి పరిగెత్తు. చూస్తాను," అన్నారు.

సంచి ఆయన ఒళ్ళో ఉంది. నేను తీసి నేలమీద పెట్టాను. ఏమీ తియ్యకండి, ఏమీ సర్దకండి, కూర్చోండి అని చెప్పాను. బుద్ధిగా తలూపారు. చున్నీ నడుముకి బిగించుకున్నాను. పతకాలకి పరిగెత్తినప్పుడు గాని, పదిమందిలో పరిగెత్తినప్పుడు గాని రాని సిగ్గు నాకప్పుడొచ్చింది. అలా అని ఆపలేదు.

"వెళ్ళొస్తానండి," అని పరుగందుకున్నాను.

ఆయన చూపు వీపు మీద తెలుస్తూనే ఉంది. గడ్డి రెండు పక్కలా కాళ్ళకి కొట్టుకుంది. ఊపిరి కుదురుకుంది. నేను అంతకు ముందు గాని, ఆ తరవాత గాని అంత బాగా పరిగెత్తలేదు. కొండ వంపు దగ్గరికి వెళ్ళాక, తిరిగితే ఇక కనపడననగా, ఆగి వెనక్కి చూశాను. ఆయన బండరాయి మీదే ఉన్నారు. ఖాళీ చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, తలెత్తి, నన్నే చూస్తున్నారు.